ఆంక్షలు ఒక రోజు, లైసెన్సు రద్దు మరో రోజు: సహకార బ్యాంకు మూతపడే క్రమంలో డిపాజిటర్లకు ఏది కీలకం?

క్లుప్తంగా: సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు విధించే ఆంక్షలు వేరు, లైసెన్సు రద్దు వేరు. రెండింటి మధ్య నెలలే కాదు, ఏళ్లు కూడా గడవవచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి డిపాజిట్ బీమా సొమ్ము గడువును ఆంక్షల తేదీ నుంచే లెక్కిస్తున్నారు. బీమా రూ.5 లక్షల వరకే. ఆపైన ఉన్న సొమ్ము ఎప్పుడు, ఎంత వస్తుందనేది ఆ బ్యాంకును మరో బ్యాంకు తీసుకుంటుందా, లిక్విడేటర్ (మూతపడిన బ్యాంకు ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే అధికారి) చేతికి వెళ్తుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

విజయవాడలోని దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును ఆర్‌బీఐ 2024 నవంబరు 12న రద్దు చేసింది. తగినంత మూలధనం లేదని, ఆదాయం వచ్చే సూచనలు లేవని, ప్రస్తుత స్థితిలో డిపాజిటర్లందరికీ పూర్తిగా చెల్లించే శక్తి లేదని కారణాలు చెప్పింది. బ్యాంకును మూసివేసేందుకు ఉత్తర్వులిచ్చి లిక్విడేటర్‌ను నియమించాలని ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల రిజిస్ట్రార్‌ను కోరింది.

అయితే ఆ బ్యాంకు డిపాజిటర్ల డబ్బుకు కట్టడి పడింది ఆ రోజున కాదు. అంతకు రెండేళ్ల మూడు నెలల ముందే, 2022 జులై 29న ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టింది. ఒక్కొక్కరు గరిష్ఠంగా రూ.1.5 లక్షలే తీసుకోవాలని పరిమితి విధించింది. రద్దు ప్రకటన వచ్చేసరికే, 2024 ఆగస్టు 31 నాటికి, డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ అక్కడి డిపాజిటర్లకు రూ.9.84 కోట్లు చెల్లించి ఉంది. లైసెన్సు రద్దయ్యాకే బీమా వస్తుందన్న అభిప్రాయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. పాత చట్టం ప్రకారం అది నిజమే. ఇప్పుడు కాదు.

## ఏ వార్తకు ఏ అర్థం

ఆర్‌బీఐ, సహకార బ్యాంకు అనే రెండు మాటలు ఒకే శీర్షికలో కనిపిస్తే చాలు, ఖాతాదారులు కౌంటర్ల దగ్గర వరుస కడతారు. నిజానికి ఆ శీర్షిక కింద ఉండే చర్య చాలా తేలికైనది కావచ్చు, చాలా తీవ్రమైనదీ కావచ్చు.

అన్నిటికంటే తరచుగా కనిపించేది జరిమానా. కేవైసీ వివరాలు సరిచూడలేదనో, డైరెక్టర్ల బంధువులకు అప్పు ఇచ్చారనో, నివేదికలు ఆలస్యంగా పంపారనో లక్ష నుంచి కొన్ని లక్షల వరకు వేస్తుంటారు. ఖాతాదారుల లావాదేవీలు చెల్లవని చెప్పడం తమ ఉద్దేశం కాదని ఆ ప్రకటనల్లోనే ఒక వాక్యం ఉంటుంది. జరిమానా పడ్డ బ్యాంకు మునిగిపోతున్నట్లు కాదు.

దాని తర్వాతిది సత్వర దిద్దుబాటు చర్య, అంటే పీసీఏ. పట్టణ సహకార బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మూలధన నిష్పత్తి (అప్పుల వంటి రిస్కున్న ఆస్తులతో పోలిస్తే సొంత నిధుల శాతం) ఉండాల్సినదాని కంటే తగ్గినా, నికర మొండి బాకీలు (కేటాయింపులు పోను మిగిలినవి) 6 శాతానికి చేరినా, వరుసగా రెండేళ్లు నష్టం వచ్చినా బ్యాంకు ఈ చట్రంలోకి వెళ్తుంది. నికర మొండి బాకీలు 9, 12 శాతాలకు చేరేకొద్దీ కట్టడి బిగుస్తుంది. డివిడెండు, కొత్త శాఖలు, పెద్ద అప్పులు ఆగిపోతాయి గానీ డిపాజిటర్లు తమ డబ్బు తీసుకోవడానికి అడ్డు ఉండదు. రూ.100 కోట్ల లోపు డిపాజిట్లున్న మొదటి శ్రేణి బ్యాంకులకు ఈ చట్రం వర్తించదు. వాటిపై ఆర్‌బీఐ నిఘా విడిగా ఉంటుంది. చిన్న బ్యాంకుల్లో ముందస్తు హెచ్చరిక బయటికి కనిపించకుండానే ఒక్కసారిగా ఆంక్షల వార్త రావడానికి ఇదీ ఒక కారణం.

అసలు దెబ్బ బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 35ఎ సెక్షన్ కింద వచ్చే ఆదేశాలు. వాటి తర్వాత ఆర్‌బీఐ రాతపూర్వక అనుమతి లేకుండా బ్యాంకు కొత్త అప్పులు ఇవ్వకూడదు, పాతవి పునరుద్ధరించకూడదు, కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు, అప్పు తేకూడదు, ఆస్తులు అమ్మకూడదు. జీతాలు, అద్దె, కరెంటు బిల్లుల వంటి ఖర్చులకు మాత్రం వీలుంటుంది. విత్‌డ్రాయల్స్‌కు ఒక పరిమితి పెడతారు, ఒక్కోసారి అసలు కుదరదంటారు. మొదట ఆరు నెలలకు ఇచ్చి, తర్వాత సమీక్షించి పొడిగిస్తుంటారు. ఈ ఆదేశాలను లైసెన్సు రద్దుగా భావించరాదని ప్రతి ప్రకటనలోనూ రాస్తారు. చట్టం దృష్టిలో అది నిజం. డబ్బు చేతికందని ఖాతాదారుకు మాత్రం పెద్ద తేడా కనిపించదు.

చివరిది 22వ సెక్షన్ కింద లైసెన్సు రద్దు. దీనిపై బ్యాంకు 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. రద్దు అనగానే దివాలా అనుకోకూడదు కూడా. మరో బ్యాంకులో విలీనమైనప్పుడు, లేదా బ్యాంకింగ్ మానేసి మామూలు పరపతి సంఘంగా ఉంటామని తామే కోరినప్పుడు కూడా లైసెన్సు రద్దవుతుంది. ప్రకటనలో కారణం ఏమని రాశారో చదివాకే ఆందోళన పడాలి.

## గుంట ఎక్కడ పడుతుంది

లెక్క కోసం ఒక చిన్న బ్యాంకును ఊహించుకుందాం. డిపాజిట్లు రూ.100 కోట్లు. సభ్యుల వాటా ధనం, నిల్వలు కలిపి సొంత నిధులు రూ.9 కోట్లు. ఈ రూ.109 కోట్లలో రూ.70 కోట్లు అప్పులుగా ఇచ్చింది. రూ.30 కోట్లు ప్రభుత్వ బాండ్లలో, రూ.5 కోట్లు నగదుగా ఉన్నాయి. మిగతా రూ.4 కోట్లు భవనాలు వగైరా. మూలధన నిష్పత్తి సుమారు 12 శాతం. మొదటి శ్రేణి బ్యాంకుకు ఉండాల్సింది 9 శాతమే కాబట్టి కాగితం మీద ఇది బలమైన బ్యాంకే.

ఇప్పుడు ఆ రూ.70 కోట్ల అప్పుల్లో రూ.20 కోట్లు తిరిగి రాలేదనుకుందాం. తనఖా ఆస్తులు అమ్మితే రూ.8 కోట్లు వస్తాయి. నష్టం రూ.12 కోట్లు. సొంత నిధులు రూ.9 కోట్లు తుడిచిపెట్టుకుపోగా, ఇంకా రూ.3 కోట్ల లోటు మిగులుతుంది. అంటే రూ.100 కోట్ల డిపాజిట్లకు ఎదురుగా ఉన్న ఆస్తులు రూ.97 కోట్లే.

ఇంత నష్టం ఒక్కరోజులో రాదు. 90 రోజులు వాయిదా కట్టకపోతే ఆ అప్పును మొండి బాకీగా చూపి, లాభంలోంచి కేటాయింపులు చేయాలి. అలా చూపకుండా ఉండేందుకు వాడే పాత పద్ధతి బుక్ అడ్జస్ట్‌మెంట్. గడువు దగ్గర పడగానే అదే వ్యక్తికో, అతని బంధువుకో కొత్త అప్పు రాసి, ఆ డబ్బుతో పాత బాకీ తీరినట్లు చూపిస్తారు. వడ్డీ కూడా అందులోనే కలిసిపోతుంది. లెడ్జర్‌లో వసూలు నూరు శాతం, గల్లాపెట్టెలోకి వచ్చింది సున్నా. ముంబయిలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు (పీఎంసీ) ఇదే పనిని భారీగా చేసింది. హెచ్‌డీఐఎల్ అనే ఒక్క స్థిరాస్తి సంస్థకు, దాని అనుబంధ సంస్థలకు ఇచ్చిన సుమారు రూ.6,500 కోట్లు ఆ బ్యాంకు మొత్తం అప్పుల్లో 70 శాతం పైచిలుకు. దాన్ని కప్పిపుచ్చడానికి 21 వేలకు పైగా బూటకపు ఖాతాలు సృష్టించారు.

అప్పుల పంపకంలో ఈ లోపం సహకార బ్యాంకుల్లోనే ఎక్కువగా ఎందుకు బయటపడుతుందన్న ప్రశ్నకు జవాబు వాటి నిర్మాణంలో ఉంది. సహకార చట్టం ప్రకారం ఓటు సభ్యుడిది, అంటే వాటా కొన్నవాడిది. పట్టణ సహకార బ్యాంకులో అప్పు తీసుకోవాలంటే అప్పు మొత్తంలో కొంత శాతానికి వాటాలు కొనాలి. డిపాజిట్ వేయడానికి సభ్యత్వం అక్కర్లేదు. ఫలితంగా పాలకవర్గాన్ని ఎన్నుకునే వారిలో రుణగ్రహీతల పాలు ఎక్కువ, సొమ్ము పెట్టిన డిపాజిటర్ల పాలు తక్కువ. వసూళ్ల విషయంలో కటువుగా ఉండే పాలకవర్గానికి మళ్లీ గెలుస్తామన్న భరోసా ఉండదు. ఇక కష్టకాలంలో కొత్త పెట్టుబడి తేవడమూ తేలిక కాదు. సహకార వాటాకు మార్కెట్ ధర ఉండదు, ఎన్ని వాటాలున్నా ఒక్కటే ఓటు. మునిగే బ్యాంకులో రూ.10 కోట్లు పెట్టి దాన్ని నిలబెట్టే ఇన్వెస్టరుకు దక్కేది ఏమీ లేదు.

నిబంధనలు లేక కాదు. డైరెక్టర్లకు, వారి బంధువులకు అప్పులివ్వడాన్ని ఆర్‌బీఐ 2003లోనే నిషేధించింది. ఒకే వ్యక్తికి ఇచ్చే అప్పు మూల పెట్టుబడిలో 15 శాతం, ఒకే గ్రూపుకైతే 25 శాతం దాటకూడదని 2020 మార్చిలో పరిమితి తెచ్చింది. పేర్లు మార్చి రాసే బినామీ రుణాల ముందు ఈ శాతాలు నిలవలేదు.

దీనికి జంట అధికారం తోడైంది. బ్యాంకింగ్ వ్యవహారం ఆర్‌బీఐది, సంఘం నమోదు, ఎన్నికలు, మూసివేత రిజిస్ట్రార్‌వి. 1966 మార్చి 1న బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సహకార బ్యాంకులకు వర్తింపజేసినప్పటి నుంచి ఈ రెండు కాడెద్దులు చెరో వైపు లాగుతూనే ఉన్నాయి. రాష్ట్ర చట్టం కింద నమోదైన బ్యాంకు పాలకవర్గాన్ని తప్పించాలంటే ఆర్‌బీఐ రిజిస్ట్రార్‌ను కోరాల్సి వచ్చేది. 2020లో చట్ట సవరణతో 36ఏఏఏ సెక్షన్ కింద పాలకవర్గాన్ని తానే రద్దుచేసి నిర్వాహకుణ్ని నియమించే అధికారం, 45వ సెక్షన్ కింద విలీన పథకం రూపొందించే అధికారం ఆర్‌బీఐకి దక్కాయి. మూసివేత మాత్రం పాత దారిలోనే సాగుతోంది.

హైదరాబాద్ ఈ పాఠాన్ని చాలా ముందే చూసింది. 2001లో కృషి బ్యాంకు కుప్పకూలింది. ఆ తర్వాత చార్మినార్, ప్రుడెన్షియల్ బ్యాంకులు దెబ్బతిన్నాయి. అదే ఏడాది అహ్మదాబాద్‌లో మాధవపురా మర్కంటైల్ బ్యాంకు షేర్ బ్రోకర్లకిచ్చిన అప్పులతో మునిగింది. దాని లైసెన్సు రద్దయింది 2012లో. అప్పటి బీమా పరిమితి రూ.1 లక్ష. 1990లలో ఉదారంగా లైసెన్సులిచ్చిన ఆర్‌బీఐ, ఈ వరుస దెబ్బల తర్వాత 2004 నుంచి కొత్త పట్టణ సహకార బ్యాంకులకు అనుమతి ఆపేసింది. ఆ ఏడాది 1,926గా ఉన్న వాటి సంఖ్య విలీనాలు, రద్దులతో 2024 మార్చి నాటికి 1,472కు తగ్గింది.

## 97 పైసలున్నా చెల్లింపులు ఎందుకు ఆపుతారు

ముందు చెప్పిన ఉదాహరణలో ప్రతి రూపాయి డిపాజిట్‌కు ఎదురుగా 97 పైసల ఆస్తి ఉంది. మరి అందరికీ 97 పైసల చొప్పున ఇచ్చేయవచ్చు కదా? ఇవ్వలేరు. వెంటనే చేతికొచ్చేది బాండ్లు, నగదు కలిపి రూ.35 కోట్లే. తక్కినదంతా ఏళ్ల తరబడి వసూలయ్యే అప్పులు, అమ్ముడుపోవాల్సిన భవనాలు, కోర్టు వివాదాల్లో ఇరుక్కున్న తనఖాలు. ఆంక్షలు పెట్టకపోతే మొదట పరుగెత్తుకొచ్చినవారు రూ.35 కోట్లు పూర్తిగా, రూపాయికి రూపాయి తీసుకుపోతారు. వెనుక మిగిలిన రూ.65 కోట్ల డిపాజిటర్లకు దక్కేది రూ.62 కోట్ల ఆస్తులు, అవీ నగదు కానివి. మొత్తం నష్టం ఈ వెనుకబడినవారి నెత్తిన పడుతుంది. బోర్డు సభ్యులకు, వారి దగ్గరివారికి సంగతి ముందే తెలుస్తుంది కాబట్టి మొదటి వరుసలో ఎవరుంటారో ఊహించడం కష్టం కాదు.

ఆంక్షలను సాయంత్రం పనివేళలు ముగిశాక అమల్లోకి తేవడం, ముందస్తు సూచన ఇవ్వకపోవడం వెనుక ఉన్న తర్కం ఇదే. విత్‌డ్రాయల్ పరిమితిని చూస్తే బ్యాంకులో నగదు ఎంతుందో ఒక అంచనా వస్తుంది. దుర్గా బ్యాంకుకు రూ.1.5 లక్షలు అనుమతించిన రోజునే మహారాష్ట్రలోని కర్మాలా అర్బన్ బ్యాంకుకు రూ.10,000, అదే రాష్ట్రంలోని జయప్రకాశ్ నారాయణ్ నగరీ సహకారీ బ్యాంకుకు సున్నా అన్నారు. పీఎంసీలో 2019 సెప్టెంబరు 23న రూ.1,000తో మొదలై, విడతలుగా పెరుగుతూ 2020 జూన్‌కు రూ.1 లక్షకు చేరింది.

ఆంక్షల కాలంలో ఖాతాదారులు ఎక్కువగా దెబ్బతినేది చిన్న విషయాల్లో. ఆ ఖాతాపై ఇచ్చిన చెక్కులు వెనక్కి వస్తాయి. అదే ఖాతా నుంచి మరో బ్యాంకు గృహరుణ వాయిదా కట్ అవుతుంటే అది ఆగి, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. జీతం, పింఛను, గ్యాస్ రాయితీ అదే ఖాతాలో పడుతుంటే వెంటనే వేరే బ్యాంకుకు మార్చుకోవాలి. ఈ బ్యాంకులోనే అప్పున్నవారు వాయిదాలు ఆపకూడదు. బ్యాంకు మూతపడ్డా అప్పు రద్దు కాదు, లిక్విడేటర్ వడ్డీతో సహా వసూలు చేస్తారు.

## 90 రోజుల లెక్క

2021కి ముందు డీఐసీజీసీ చెల్లింపు బ్యాంకు లిక్విడేషన్‌లోకి వెళ్లాకే మొదలయ్యేది. ఆంక్షలు ఆరు నెలలకోసారి పొడిగిస్తూ పోతుంటే, బీమా ఉండి కూడా జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పీఎంసీ డిపాజిటర్ల ఆందోళన తర్వాత డీఐసీజీసీ చట్టం మారి, 18ఎ సెక్షన్ వచ్చింది.

ఇప్పుడు జరిగేది ఇలా. ఆంక్షలు విధించిన రోజు ఖాతాలో ఉన్న అసలు, ఆ రోజు వరకు చేరిన వడ్డీ లెక్కగడతారు. 45 రోజుల్లోగా బ్యాంకు డిపాజిటర్ల జాబితాను డీఐసీజీసీకి పంపాలి. ఆ జాబితాను 30 రోజుల్లో పరిశీలించి, మరో 15 రోజుల్లో చెల్లించాలి. మొత్తం 90 రోజులు. విలీనం కుదిరే అవకాశం ఉందని ఆర్‌బీఐ భావిస్తే ఇంకో 90 రోజులు వాయిదా వేయవచ్చు. దుర్గా బ్యాంకు విషయంలో ఈ మొదటి గడువు 2022 అక్టోబరు నెలాఖరుకే ముగిసింది.

ఇందులో డిపాజిటర్ చేయాల్సిన పని ఒకటుంది. అది చేయక సొమ్ము ఆగిపోయినవారు ప్రతి బ్యాంకులోనూ కనిపిస్తారు. బీమా సొమ్ము తీసుకోవడానికి సమ్మతి తెలుపుతూ ఒక పత్రం నింపి, గుర్తింపు పత్రాల నకళ్లు, సొమ్ము జమ కావాల్సిన మరో బ్యాంకు ఖాతా వివరాలు శాఖలో ఇవ్వాలి. సొమ్ము ఆ ఖాతాకే వస్తుంది. పాత కేవైసీ, పేరులో అక్షరాల తేడా, చనిపోయిన వారి పేరున మిగిలిన ఖాతా, నామినీ లేకపోవడం వంటివాటి వల్లే క్లెయిములు పక్కన పడుతుంటాయి. ఆంక్షల వార్త వచ్చిన వారంలోనే ఇవి సరిచేసుకుంటే 45 రోజుల గడువు సరిపోతుంది.

## రూ.5 లక్షలు ఎలా లెక్కిస్తారు

1962లో రూ.1,500తో మొదలైన బీమా పరిమితి 1993లో రూ.1 లక్ష అయింది. 2020 ఫిబ్రవరి 4న రూ.5 లక్షలకు పెరిగింది. ప్రతి రూ.100 డిపాజిట్‌కు ఏటా 12 పైసల ప్రీమియం బ్యాంకే కట్టాలి, ఖాతాదారు నుంచి వసూలు చేయకూడదు. బలమైన బ్యాంకు తక్కువ కట్టేలా, రిస్కును బట్టి ప్రీమియం ఉండే పద్ధతిని 2026-27 నుంచి తెస్తామని ఆర్‌బీఐ 2025 అక్టోబరులో ప్రకటించింది.

పరిమితి ఖాతాకు కాదు, మనిషికి. ఒక బ్యాంకులోని అన్ని శాఖల్లో ఉన్న పొదుపు, కరెంటు, రికరింగ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ కలుపుతారు. అసలు, వడ్డీ కలిపే రూ.5 లక్షలు. రూ.4.80 లక్షల డిపాజిట్‌పై రూ.32,000 వడ్డీ చేరితే మొత్తం రూ.5.12 లక్షలు, వచ్చేది రూ.5 లక్షలు. సరిగ్గా రూ.5 లక్షలు వేసినవారికి వడ్డీ మొత్తం బీమా బయటే ఉంటుంది.

హోదా మారితే మాత్రం పరిమితి విడిగా వర్తిస్తుంది. ఒక వ్యక్తి సొంత ఖాతా, మైనరు పిల్లలకు సంరక్షకుడిగా ఉన్న ఖాతా, భాగస్వామ్య సంస్థ ఖాతా, భార్యాభర్తల ఉమ్మడి ఖాతా వేర్వేరుగా లెక్కకొస్తాయి. ఉమ్మడి ఖాతాల్లో పేర్ల వరుస మారినా వేరు హోదాగానే పరిగణిస్తారు. వ్యాపారులు పొరపడేది సొంత దుకాణం ఖాతా విషయంలో. ఏకవ్యక్తి యాజమాన్యంలోని దుకాణం పేరున ఉన్న సొమ్మును యజమాని వ్యక్తిగత ఖాతాతో కలిపేస్తారు.

అదే బ్యాంకులో అప్పుంటే దాన్ని డిపాజిట్‌లోంచి మినహాయిస్తారు. ఇది నష్టం అనుకునేవారు ఎక్కువ. లెక్క చూస్తే కొన్నిసార్లు లాభమే. డిపాజిట్ రూ.9 లక్షలు, అప్పు రూ.3 లక్షలు అనుకుందాం. మినహాయించాక మిగిలేది రూ.6 లక్షలు, అందులో బీమా రూ.5 లక్షలు. చిక్కుకుపోయింది రూ.1 లక్షే. అప్పు లేకుండా రూ.9 లక్షలూ డిపాజిట్‌గానే ఉంటే రూ.4 లక్షలు చిక్కుకునేవి.

2024 మార్చి నాటికి దేశంలో దాదాపు 98 శాతం ఖాతాలకు పూర్తి బీమా రక్షణ ఉంది. సొమ్ము విలువలో చూస్తే అది 43 శాతం దగ్గర ఆగిపోతుంది. దుర్గా బ్యాంకులో 95.8 శాతం డిపాజిటర్లకు పూర్తి సొమ్ము వస్తుందని ఆర్‌బీఐ చెప్పింది. ఇలాంటి శాతాలన్నీ మనుషుల లెక్క, సొమ్ము లెక్క కాదు. పదవీ విరమణ సొమ్మంతా ఒకేచోట వేసినవారు, అపార్ట్‌మెంట్ల సంఘాలు, చిన్న పరపతి సంఘాలు ఉండేది మిగతా 4.2 శాతంలోనే.

## పేరులో బ్యాంకు ఉన్నంత మాత్రాన

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు ఆర్‌బీఐ లైసెన్సు ఉంటుంది, బీమా ఉంటుంది. దాని కింద గ్రామంలో ఉండే ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం, జనం సొసైటీ అని పిలిచేది, బ్యాంకింగ్ నియంత్రణ చట్టం పరిధిలో లేదు. అక్కడి డిపాజిట్‌కు డీఐసీజీసీ బీమా లేదు.

1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద పుట్టిన మ్యాక్స్ సొసైటీలదీ అదే స్థితి. వీటికి ఆర్‌బీఐ లైసెన్సు అక్కర్లేదు, తనిఖీ ఉండదు, ఆంక్షలు ఉండవు, కాబట్టి 90 రోజుల చెల్లింపూ ఉండదు. 2022లో కాకినాడ జయలక్ష్మి మ్యాక్స్ సొసైటీ చెల్లింపులు ఆపేసినప్పుడు డిపాజిటర్లకు మిగిలినవి పోలీసు కేసులు, ఆస్తుల జప్తు, కోర్టు. బహుళ రాష్ట్ర పరపతి సంఘాలకూ బీమా వర్తించదు. తమ పేరులో బ్యాంకు అని పెట్టుకుంటున్న సంఘాల గురించి ఆర్‌బీఐ 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో పూర్తి పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోలుతుందో లేదో చూడాలి. దాదాపు ఒకే పేరున్న బ్యాంకు, సొసైటీ ఒకే ఊళ్లో ఉండటం అరుదేమీ కాదు.

## మూడు బ్యాంకులు, మూడు ముగింపులు

బీమాకు పైన ఉన్న సొమ్ము గతి బ్యాంకు బ్యాంకుకూ మారుతుంది. ముంబయిలోని న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకు ఖజానాలో ఉండాల్సిన నగదులో రూ.122 కోట్లు మాయమైనట్లు తేలడంతో 2025 ఫిబ్రవరి 13న ఆంక్షలు పడ్డాయి. మర్నాడే పాలకవర్గం రద్దయి నిర్వాహకుడు వచ్చారు. అదే నెల 27 నుంచి రూ.25,000 తీసుకోనిచ్చారు. ఆగస్టు 4న ఆ బ్యాంకు సారస్వత్ బ్యాంకులో విలీనమైంది, డిపాజిట్లన్నీ పూర్తిగా బదిలీ అయ్యాయి. ఆరు నెలల్లోపే ముగిసింది. లోటు డిపాజిట్లతో పోలిస్తే చిన్నది. తీసుకున్నది దేశంలోనే పెద్ద పట్టణ సహకార బ్యాంకు. శాఖలు, ఖాతాదారులు దక్కుతుంటే దానికి ఆ లోటు భరించదగినదే.

పీఎంసీలో లోటు అలాంటిది కాదు. రూ.11,600 కోట్లకు పైగా డిపాజిట్లున్న బ్యాంకును 2022 జనవరి 25న యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు. రూ.5 లక్షల వరకు బీమా కింద వచ్చింది. ఆపైన ఉన్నది అయిదేళ్ల పాటు విడతలుగా, మిగిలినది పదేళ్ల చివర ఇస్తామన్నారు. 2021 మార్చి 31 తర్వాత వడ్డీ ఆపేశారు, విలీనం నాటి నుంచి అయిదేళ్లు దాటాకే మిగిలినదానిపై 2.75 శాతం. సంస్థల డిపాజిట్లలో బీమా దాటిన సొమ్ములో 80 శాతాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు. అసలు పోలేదని చెప్పవచ్చు. వడ్డీ లేని ఏళ్లలో ధరలు పెరిగిన మేరకు ఆ అసలు విలువ తగ్గిందనీ చెప్పాలి.

దుర్గా బ్యాంకుది మూడో దారి. రెండేళ్లకు పైగా ఆంక్షల్లో ఉన్నా నిలదొక్కుకోలేక లిక్విడేషన్‌కు వెళ్లింది. చిన్న పట్టణ బ్యాంకులకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ దారే. రెండు మూడు శాఖలున్న బ్యాంకును, దాని లోటుతో సహా తీసుకునేందుకు పెద్ద బ్యాంకుకు లాభం కనిపించదు.

## రద్దు తర్వాత

లైసెన్సు రద్దయిన రోజు నుంచి డిపాజిట్లు తీసుకోవడం, చెల్లించడం రెండూ నిషిద్ధం. రిజిస్ట్రార్ లిక్విడేటర్‌ను నియమిస్తారు. సాధారణంగా ఆయన సహకార శాఖ అధికారి, ఇతర బాధ్యతలు కూడా చూస్తుంటారు. ఆంక్షల సమయంలో సమ్మతి పత్రం ఇవ్వనివారు ఇప్పుడు ఆయన ద్వారా క్లెయిము చేసుకోవాలి. లిక్విడేటర్ మూడు నెలల్లో జాబితా ఇవ్వాలి, అది అందిన రెండు నెలల్లో డీఐసీజీసీ చెల్లించాలి.

ఆపైన లిక్విడేటర్ పని వసూళ్లు. అప్పులు రాబట్టడం, తనఖాలు వేలం వేయడం, భవనాలు అమ్మడం, తప్పుచేసిన పాలకవర్గ సభ్యులపై సర్‌చార్జి చర్యలు, అంటే నష్టాన్ని వారి నుంచే రాబట్టడం. వచ్చిన సొమ్ములోంచి ఖర్చులు పోను డీఐసీజీసీ ఇచ్చిన బీమా మొత్తాన్ని దానికి తిరిగి కట్టాలి. అందుకే రూ.5 లక్షలు దాటినవారి వంతు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. బినామీ పేర్ల మీద ఇచ్చిన అప్పులైతే నోటీసు అందుకునే మనిషే దొరకడు. డిపాజిటర్లు తమ బకాయిని లిక్విడేటర్ దగ్గర రాతపూర్వకంగా నమోదు చేయించుకుని, అసలు రసీదులు దాచుకోవాలి. బీమా సొమ్ము అందిందని డిపాజిట్ బాండ్లు ఇచ్చేసేవారు మిగతా మొత్తానికి ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.

వాటా ధనానికి బీమా లేదు, వరుసలో అది అందరికంటే వెనుక. అప్పు తీసుకున్నప్పుడు తప్పనిసరిగా కొన్న రూ.5,000, రూ.10,000 వాటాలు లిక్విడేషన్‌లో తిరిగి రావడం అరుదు. అప్పు తీరాక సభ్యత్వం అక్కర్లేనివారు ఆ వాటాలను బ్యాంకు నడుస్తుండగానే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆంక్షలు పడ్డాక ఆ వెసులుబాటు కూడా ఆగిపోతుంది.